మంచుమనిషి నుంచి మన గుడ్డెలుగు దాకా

ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన ముచ్చట ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు రెండు నెలలుగా అడుగుతున్నారు. గుళ్ళ గురించీ, శాసనాల గురించీ, జమీందారీల గురించీ రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. నేను 1973లో ఎల్.డి.సి.గా చేరి, టెక్కలి తాలూకా ఆఫీసు ఫైళ్ళ మధ్య తల నెరిపించుకుని, 2009లో రిటైరైన గుమస్తాను. నాకు తెలిసిన విద్య ఒక్కటే. అర్జీ వస్తే అందులో అర్జీదారు కళ్ళారా చూసినదెంత, ఎవరో చెప్పగా విన్నదెంత, ఊహించుకున్నదెంత అని విడదీసి నోటు పెట్టడం. ఆ విద్యతోనే ఒక వింత ఫైలు మీ ముందు పెడుతున్నాను. అది అడవి మనిషి ఫైలు. వానరంలా, మనిషిలా రెండు కాళ్ళ మీద నడిచే రోమాల జీవి ఎక్కడో ఉందని నమ్మి, ఉద్యోగాలూ వ్యాపారాలూ చేసుకునే మామూలు మనుషులు అడవుల్లో, మంచుకొండల్లో, బురద నేలల్లో వందేళ్ళుగా వెతుకుతున్నారు. వాళ్ళని చూసి నవ్వడానికి నాకు హక్కు లేదు. ఎందుకంటే 1976 వేసవిలో నేనూ అలా వెతికిన వాణ్ణే.

మా అత్తవారి ఊరు ఉద్దానంలో, పలాసకు తూర్పున సముద్రం వైపు ఉంది. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. ఆ రోజుల్లో ఆ పేరుకి తగ్గట్టే కొబ్బరి, జీడి, పనస తోటలు ఆకాశం కనబడనంత దట్టంగా ఉండేవి. జీడిపళ్ళ కాలంలో ఆ పులుపు వాసన రోడ్డు దాకా వచ్చేది. ఆ వేసవిలో తోటల్లో రాత్రిళ్ళు ఎవరో నడుస్తున్నారనీ, నల్లగా, ఒళ్ళంతా జుట్టుతో, మనిషిలా నిలబడి పనసకాయ కోసుకున్నాడనీ పుకారు లేచింది. సరిగ్గా దానికి నెల ముందు నేను ఒక వారపత్రికలో హిమాలయాల మంచుమనిషి గురించి వ్యాసం చదివి ఉన్నాను. ఇక ఆగుతానా? నేను, మా బావమరిది, ఎలిమెంటరీ స్కూలు మాస్టారు ఒకరు, కాంపౌండరు ఒకరు, నలుగురం కలిసి ఒక పెట్రోమాక్స్ లైటు, రెండు టార్చిలైట్లు పట్టుకుని మూడు రాత్రులు తిరిగాం. కాంపౌండరు విరిగిన ఎముకలకు కట్టు వేసే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ డబ్బా తెచ్చాడు. అడుగుజాడ దొరికితే అచ్చు తీయాలని వ్యాసంలో ఉందని చెప్పింది నేనే.

మూడో తెల్లవారుజామున గెడ్డ ఒడ్డున తడి ఇసుకలో అడుగు దొరికింది. జానెడు దాటి ఇంకో బెత్తెడు పొడవు. మడమ ఉంది, అరికాలు ఉంది, అయిదు వేళ్ళున్నాయి. మా ఆనందం ఏం చెప్పమంటారు! తోట కాపలా తాత ఒకడు మా వెంట వచ్చాడు. అతని ఎడమ చెంప కంటి నుంచి దవడ దాకా ముడుచుకుపోయి ఉండేది. అతను అడుగు చూసి, "బాబూ, మనిసి కాదది, గుడ్డెలుగు. నా సెంప మీద అది రాసిన రాత సదువుకోండి" అన్నాడు. పక్కనే కూలిన పుట్ట చూపించాడు. పేడలో జీడిపండు తొక్కలు చూపించాడు. మేం వినలేదు. చదువుకున్నవాళ్ళం కదా! ఇసుకలో ప్లాస్టరు పోసి అచ్చు తీశాం. ఆ తరువాత నేను కూర్చుని రెండు పేజీల నివేదిక రాశాను. దాని సంగతి చివర్లో చెబుతాను. ముందు, నన్ను అంతగా మత్తెక్కించిన ఆ మంచుమనిషి ఫైలు చూద్దాం.

ఆ ఫైల్లో పెద్ద కాగితం 1921 నాటిది. ఎవరెస్టు ఎక్కడానికి దారి వెతకబోయిన బ్రిటిషు బృందానికి హోవర్డ్-బరీ నాయకుడు. మంచులో కనబడిన అడుగుజాడలు తోడేలువి అయివుంటాయనీ, మెత్తని మంచులో జంటగా పడి మనిషి అడుగుల్లా కనబడ్డాయనీ ఆయన అనుకున్నాడు. వెంట ఉన్న కూలీలు మాత్రం వాటికి తమ భాషలో ఒక పేరు చెప్పారు. కలకత్తా స్టేట్స్‌మన్ పత్రికకు రాసే హెన్రీ న్యూమన్ ఆ పేరును ఇంగ్లీషులోకి మార్చి 'ఎబామినబుల్ స్నోమ్యాన్' అన్నాడు, అంటే అసహ్యం పుట్టించే మంచుమనిషి. అసలు మాటలో ఉన్న 'మెటో' అనే పదానికి అర్థం మనిషి-ఎలుగు అని తెలిసినవాళ్ళు తరువాత వివరించారు. తర్జుమాలో ఎలుగు జారిపోయింది, మనిషి మిగిలాడు! ఒడియా దస్తావేజులు తెలుగులోకి మార్చేటప్పుడు ఒక్క మాట తేడా వల్ల సరిహద్దు గట్లు మారిపోయిన కేసులు మన ఇచ్ఛాపురం వైపు పనిచేసిన మిత్రులకు గుర్తుండే ఉంటాయి. ఇదీ అలాంటిదే.

1951లో ఎరిక్ షిప్టన్ మెన్‌లుంగ్ హిమానీనదం మీద ఒక అడుగుజాడకు పక్కన మంచుగొడ్డలి పెట్టి ఫోటో తీశాడు. ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. 1954లో లండన్ డెయిలీ మెయిల్ పత్రిక ప్రత్యేకంగా ఒక బృందాన్నే పంపింది. టామ్ స్లిక్ అనే అమెరికన్ చమురు వ్యాపారి సొంత డబ్బుతో వెతికించాడు. ఈ తాకిడి చూసి నేపాల్ ప్రభుత్వం నిబంధనలు పెట్టింది. అవి కాఠ్మండూలోని అమెరికా రాయబార కార్యాలయం 1959లో పంపిన మెమోలో ఉన్నాయి. ఒకటి, పర్మిటుకు 5,000 రూపాయలు కట్టాలి. రెండు, ఆ జీవిని ఫోటో తీయవచ్చు, ప్రాణాలతో పట్టుకోవచ్చు, ఆత్మరక్షణకు తప్ప చంపరాదు. మూడు, ఫోటోలూ వార్తలూ ముందు ప్రభుత్వానికి సమర్పించాలి. ఉందో లేదో తెలియని జంతువుకు ఫీజు నిర్ణయించిన ఆ గుమస్తా ఎవరో గాని, అతని మీద నాకు అపారమైన గౌరవం.

ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ 1960లో శాస్త్రజ్ఞులతో వెళ్ళి, ఖుంజుంగ్ గ్రామంలో మంచుమనిషి తలచర్మం అని భద్రపరిచిన వస్తువును కొంతకాలానికి అరువు తీసుకున్నాడు. ఊరి పెద్ద ఖుంజో చుంబి, ఊరి సొత్తు కదా, దానికి తోడుగా షికాగో, పారిస్, లండన్ తిరిగాడు. చివరికి అది సీరో అనే కొండమేక జాతి జంతువు తోలును అచ్చులో పెట్టి సాగదీసి చేసినదని తేలింది. మంచుమనిషివని చూపిన తోళ్ళు ఎలుగువి. పాంగ్‌బోచే మఠం నుంచి లండన్ చేరిన 'మంచుమనిషి వేలు' మనిషి వేలేనని 2011లో డి.ఎన్.ఎ. పరీక్ష చెప్పింది. 2017లో షార్లెట్ లిండ్‌క్విస్ట్ అనే శాస్త్రజ్ఞురాలి బృందం వేర్వేరు చోట్ల మంచుమనిషివిగా దాచిన వెంట్రుకలు, ఎముకలు, చర్మం వగైరా తొమ్మిది నమూనాలు పరీక్షిస్తే ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది. ఎనిమిది వేల మీటర్లు దాటిన పధ్నాలుగు శిఖరాలూ ఎక్కిన మెస్నర్ 1986లో టిబెట్‌లో తనకు ఒక జీవి ఎదురైందని చెప్పి, ఏళ్ళ తరబడి వెతికి, అది ఎలుగేనని తానే రాశాడు. చూశానన్న మనిషే విచారణ చేసి తన అర్జీ తానే ఉపసంహరించుకున్నాడన్న మాట! 2019 ఏప్రిల్‌లో మన సైన్యం మకాలు పర్వతం దగ్గర 32 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు అడుగులు చూశామని ప్రకటించినప్పుడు టీవీల్లో ఎంత హడావిడి జరిగిందో మనందరికీ తెలుసు. అప్పుడూ అక్కడివాళ్ళు ఎలుగు అనే అన్నారు.

అమెరికాలో దీనికి 'బిగ్‌ఫుట్' అని పేరు. 1958లో కాలిఫోర్నియాలో రోడ్డు పని జరిగే చోట పెద్ద పెద్ద అడుగులు కనబడి, పత్రికలు ఆ పేరు పెట్టాయి. ఆ పనుల కాంట్రాక్టరు 2002లో చనిపోయాక, అవి ఆయన చెక్కపాదాలతో వేసినవని కుటుంబ సభ్యులే చెప్పారు. వాషింగ్టన్ రాష్ట్రంలో స్కమేనియా అనే కౌంటీ 1969లో ఆ జీవిని చంపితే 10,000 డాలర్ల జరిమానా, అయిదేళ్ళ జైలు అని చట్టం చేసింది. ఫ్లోరిడా చిత్తడి నేలల్లో తిరిగేదానికి దుర్గంధాన్ని బట్టి 'స్కంక్ ఏప్' అని పేరు పెట్టుకున్నారు. అక్కడి ఔత్సాహికులు శని ఆదివారాలు గుడారాలు వేసుకుని కూర్చుంటారు. 2024లో అచ్చయిన ఒక లెక్క నాకు ఎక్కువ నచ్చింది. జన సంఖ్యనూ అడవి విస్తీర్ణాన్నీ సర్దుబాటు చేసి చూస్తే, నల్ల ఎలుగులు ఎక్కువున్న రాష్ట్రాల్లోనే బిగ్‌ఫుట్‌ను చూశామనే కబుర్లూ ఎక్కువట. వెయ్యి ఎలుగులు పెరిగితే కబుర్లు సుమారు 4 శాతం పెరుగుతాయట. మన దేశంలో మేఘాలయ గారో కొండల్లో 'మండే బరుంగ్' అనే జీవి ఉందని దీపు మరక్ అనే ఆయన ఏళ్ళ తరబడి వెతికాడు. 2008లో దొరికిన వెంట్రుకలు గోరల్ అనే కొండగొర్రె లాంటి జంతువువని పరీక్షలో వచ్చింది.

అయితే వెతకడమే తప్పని నేననను. మన కడప జిల్లా కలివికోడి సంగతి చూడండి. 1900 తరువాత దాన్ని చూసిన శాస్త్రజ్ఞుడు లేడు. అంతరించిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు బొమ్మలు పట్టుకుని పల్లెల్లో అడుగుతూ తిరిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో ఆ పక్షిని పట్టుకున్నాడు. ఆ పక్షి దక్కలేదు గాని, జాతి బతికి ఉందని రుజువైంది. 2000 తరువాత మెత్తని మట్టి పట్టీలు పరిచి, తెల్లారి వాటి మీద పడిన అడుగులు చదివి, అది ఎక్కడెక్కడ తిరుగుతోందో తెలుసుకున్నారు. అదీ అడుగుజాడే, మా 1976 అచ్చూ అడుగుజాడే. వాళ్ళు ఆ నేల మీద బతికేవాడి మాట విన్నారు. మేం వినలేదు. అంతే తేడా.

ఇప్పుడు నా నివేదిక సంగతి. ఆఫీసు భాష అప్పుడప్పుడే ఒంటబట్టిన రోజులు. "సుమారు ఆరడుగుల ఎత్తు, శరీరమంతయు నల్లని రోమములు, జటలు కట్టిన శిరోజములు, మనుష్యుని వలె నడచునది" అని రాశాను. నలుగురిలో ఎవరం ఆ జీవిని చూడలేదు. ఎత్తు కొలవలేదు. జటలు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పటికీ నాకు తెలియదు, కలానికి అందంగా తోచింది, రాశాను. కాశీబుగ్గలో ఒక టీ కొట్టు దగ్గర నేనే చదివి వినిపించాను. దానికి నకళ్ళు తీసుకున్నారు. నకలు చేతులు మారినకొద్దీ ఆరడుగులు ఏడయ్యాయి.

పది రోజులు తిరక్కుండా, సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో నిద్రపోతున్న ఒక దేశదిమ్మరిని జనం చుట్టుముట్టారు. జటలు కట్టిన జుట్టు, నల్ల కంబళి. కర్రలతో కొట్టారు. దెబ్బలు తింటూ అతను ఒడియాలో నీళ్ళు అడిగాడట. మన సరిహద్దుల్లో ఒడియా అర్థం కానివాడెవడు? అప్పుడు ఆగారు. బండి మీద ఆసుపత్రికి చేర్చారు. బతికాడు గాని కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది. మేం అచ్చు పోయగా మిగిలిన డబ్బాలోని పొడితోనే ఆ చేతికి కట్టు వేశామని కాంపౌండరు నాతో చెప్పాడు. నేను వెళ్ళి చూశాను. అతనికి నేనెవరో తెలియదు. చేతిలో రెండు అరటిపళ్ళు పెడితే దండం పెట్టబోయాడు, చెయ్యి లేవలేదు. అతని ఊరేదో, తరువాత ఏమయ్యాడో ఎవరూ చెప్పలేకపోయారు. నా కొడుకులకు కూడా ఈ సంగతి ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఈ సంచికలోనే చదువుతారు.

ఆ రోజు ఇంటికి వచ్చి అచ్చును వెలుతురులో పెట్టి చూశాను. మూడో వంతు దగ్గర అడ్డంగా సన్నని గీత ఉంది. తోట తాతని పిలిపించి అడిగితే విసుక్కోకుండా చెప్పాడు. ఎలుగు ముందుకాలు వేసిన చోటే వెనకకాలు సగం వేస్తుంది. రెండు అడుగులు కలిసి ఒకటే పెద్ద అడుగులా పడుతుంది. వెనకపాదం మన పాదంలాగే మడమతో సహా నేలకు ఆనుతుంది. మన బొటనవేలు మిగతా వేళ్ళకన్నా లావు, లోపలి వైపు ఉంటుంది. ఎలుగుకు అలా ఉండదు, వేళ్ళన్నీ ఇంచుమించు ఒకే వరుస. అచ్చులో బొటనవేలు లేదు! మూడు రాత్రులు నిద్ర మానుకున్న నలుగురం అది చూడలేదు.

నిజానికి ఈ జంతువు విషయంలో పండితులూ బోల్తా పడ్డారు. 1791లో జార్జి షా అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు మన ఎలుగును దక్షిణ అమెరికాలో చెట్లకు వేలాడే స్లాత్ అనే జంతువు జాతిలో చేర్చాడు. తప్పు సరిదిద్దినా 'స్లాత్ బేర్' అన్న ఇంగ్లీషు పేరు ఉండిపోయింది. మన పురాణాలు వానరులనీ భల్లూకాలనీ ఒకే సేనలో నడిపించి, జాంబవంతుడికి పెద్దరికం ఇచ్చాయి. మందస వెనక కనబడే మహేంద్రగిరి మీద నుంచే హనుమంతుడు లంకకు ఎగిరాడని మనవైపు పెద్దలు చెప్పుకునేవారు. వానరానికీ ఎలుగుకీ మధ్య గీత చెరిగిపోవడం మనకు కొత్త కాదు.

గుడ్డెలుగు ఆహారం చెదలు, చీమలు, తేనె, పళ్ళు. పై దవడలో ముందు రెండు పళ్ళు ఉండవు, ఆ సందులోంచి చెదలను పీల్చుకుంటుంది. ఆ చప్పుడు రాత్రిపూట దూరానికి వినబడుతుంది, దయ్యం అనుకున్నవాళ్ళని తప్పుపట్టలేం. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. చూపు అంతగా ఆనదు. దగ్గరకు వచ్చేదాకా మనిషిని గమనించదు, గమనించాక బెదిరి మీద పడుతుంది. బెదిరినప్పుడు, వాసన పట్టేటప్పుడు రెండు కాళ్ళ మీద లేస్తుంది. చీకట్లో తుప్పల వెనక అలా లేచిన నల్లని ఆకారాన్ని చూసినవాడు మనిషి అనుకోడంలో వింత లేదు.

మన దగ్గర అది పురాణం కాదు, పొరుగు. టెక్కలి వైపు రాయి కోసం కొండలు తొలిచారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకూల్చింది. అదే ఏడు జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడిలో ప్రాణాలు పోయాయి, ఊరివాళ్ళ చేతిలో ఎలుగూ చచ్చింది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒకరు చనిపోయారు, మర్నాడు మరో ఆరుగురు గాయపడ్డారు. మత్తుమందిచ్చి పట్టుకున్న ఎలుగు విశాఖ జంతుప్రదర్శనశాలకు తీసుకెళ్తుండగా దారిలో చనిపోయింది. 1972 చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న జంతువది. తెల్లవారుజామున జీడిపిక్కలు ఏరడానికి వెళ్ళే మనుషులకు ఆ షెడ్యూలు తెలిసినా, ఆ కూలి మానుకుంటే గడవదు. నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ, డబ్బా వాయిస్తూ వెళ్ళమని మా తోట తాత చెప్పిన మాటే ఇప్పుడు అటవీశాఖ వాళ్ళూ చెబుతున్నారు.

పోయిన నెల మా మనవడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. రాత్రి ఊరి వీధిలో ఒక ఎలుగు, వెనక రెండు పిల్లలు. ఎవరో తెలుగులో "అడవి మనిషి" అని శీర్షిక పెట్టి పంపారు. మనవడు దాన్ని మరో పదిమందికి పంపబోతే ఆపి, ఆ ఊరేదో, ఏ రోజు తీశారో కనుక్కోమన్నాను. వాడికి దొరకలేదు. పంపడం మానేశాడు.

మన సభ్యుల్లో మందస, సోంపేట, పలాస, టెక్కలి వైపు రెవెన్యూ, అటవీ, పంచాయతీ శాఖల్లో పనిచేసినవారు చాలామంది ఉన్నారు. మీ సర్వీసు రోజుల్లో ఎలుగులుండే కొండలు, గుహలు, మొగలి పొదలు, వేసవిలో అవి నీళ్ళు తాగే గెడ్డలూ బీల ప్రాంతాలూ ఏవో, ఇప్పుడు ఆ చోట ఏముందో కార్డు మీద రెండు ముక్కలు రాసి సంఘం ఆఫీసుకు పంపండి. కళ్ళారా చూసినదైతే చూశానని, విన్నదైతే విన్నానని విడిగా రాయండి. వరుస నంబర్లు వేసి పట్టిక కట్టే పని నాది. చెయ్యి ఇంకా వణకడం లేదు.